గబ్బిలాలకు లెక్క ఉంది, మన ఆడపడుచులకు ఏదీ?

మన కోలార్ జిల్లాలో హనుమనహళ్ళి అనే ఊరి దగ్గర ఒక గుహ ఉంది. అందులో కోలార్ ఆకుముక్కు గబ్బిలం అనే జాతి బతుకుతోంది. శాస్త్రజ్ఞులు 1994లో దీన్ని కొత్త జాతిగా గుర్తించారు. ఇప్పుడు లోకమంతటిలో ఇది ఉన్నట్టు తెలిసిన చోటు ఆ ఒక్క గుహే. రెండు వందలకు మించి ఉండవని అంచనా. అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఐయూసీఎన్ దీన్ని చేర్చింది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దీనిపై ఏళ్ల తరబడి పనిచేశారు. చుట్టుపక్కల గ్రానైట్ తవ్వకాలే దీనికి పెద్ద గండమని చెప్పారు.

గబ్బిలం అనగానే తెలుగు క్రైస్తవులకు జాషువా కవి గుర్తుకు రావాలి. 1941లో వచ్చిన ఆయన కావ్యంలో ఊరికి దూరంగా నెట్టేసిన పేద దళితుడు తన గోడు దేవునికి చెప్పమని గబ్బిలాన్నే పంపుతాడు. గుడిలోకి తాను పోలేడు, గబ్బిలం పోగలదు. మన జిల్లా గబ్బిలం చేత ఒక కబురు పంపాలంటే ఏం పంపాలి అని నేను చాలాసార్లు అనుకున్నాను. నాకు తోచిన కబురు ఇది: "అయ్యా, నన్ను లెక్కపెట్టారు, సంతోషం. ఈ పక్క ఊళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో పోతున్న ఆడవాళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది?"

గబ్బిలాలను లెక్కపెట్టడం వృథా అని నేను అనడం లేదు. దేవుడు చేసిన జీవి ఒక్కటి కూడా మన నిర్లక్ష్యంతో పోకూడదు. ఆ గుహ దగ్గర జరిగిన పని మంచి పని. అదే శ్రద్ధ, అదే ఓపిక క్యాసంబళ్ళి హోబళి ఆడవాళ్ల మీద ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1980ల మొదట్లో మొదలైంది. బొంబాయి, మద్రాసులతో పాటు బెంగళూరులోనూ కిద్వాయి ఆసుపత్రి ఆధ్వర్యంలో రిజిస్ట్రీ పెట్టారు. కానీ ఆ జనాభా రిజిస్ట్రీ లెక్కించేది బెంగళూరు నగరాన్ని. మన ఊరి అక్క కిద్వాయి దాకా వెళితే ఆసుపత్రి లెక్కలోకి వస్తుంది. వెళ్లకుండా ఇంట్లోనే కన్నుమూస్తే ఆమె జబ్బు ఏ పుస్తకంలోకీ ఎక్కదు. తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి ఒకదాని కోసం వెళ్లిన కాపరి కథ మనం ప్రతి ఏటా చెప్పుకుంటాం. ఆ కాపరి ముందుగా చేసిన పని లెక్కపెట్టడం. లెక్కపెట్టకపోతే ఒకటి తగ్గిందని ఎలా తెలుస్తుంది?

దేశం మొత్తం మీద 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,000 మంది దానితో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన కాంకర్డ్-3 అధ్యయనం ప్రకారం, జబ్బు బయటపడ్డాక ఐదేళ్లు బతికిన వాళ్లు అమెరికాలో నూటికి 90 మంది, మన దేశంలో నూటికి 66 మంది. ఆ తేడా 24 మంది. ఈ తేడా మన ఆడవాళ్ల ఒంట్లో ఉన్న లోపం వల్ల వచ్చింది కాదు. జబ్బు ముదిరాక రావడం, వచ్చాక వైద్యం పూర్తి కాకపోవడం, ఇవే ముఖ్య కారణాలు.

ముదిరాక ఎందుకు వస్తున్నారు? ఇక్కడ ఏనుగుల సంగతి చెప్పాలి. మనవాళ్లకు ఏనుగు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. ఆంధ్రా వైపు కౌండిన్య అభయారణ్యం, మన వైపు కామసముద్రం అడవి, అటు తమిళనాడు కొండలు. మంద ఏ రాష్ట్రంలో ఉందో ఏనుగుకు పట్టదు, రాగి చేను, టమాట తోట ఎక్కడుందో దానికి తెలుసు. 1980ల దాకా ఈ చుట్టుపక్కల ఏనుగు అన్నదే లేదు, పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఇప్పుడు చీకటి పడితే పొలానికి నీళ్లు కట్టడానికి పోవాలన్నా భయమే.

తమిళనాడు వాల్పారై టీ తోటల్లో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు ఒక సంగతి గమనించారు. ఏనుగు దగ్గర్లో ఉందని తెలియక ఎదురుపడి చనిపోయినవాళ్లే ఎక్కువ. అందుకని 2011 నుంచి మంద ఎక్కడుందో సాయంత్రానికల్లా ఫోన్లకు మెసేజ్ పంపడం, ముఖ్యమైన చోట్ల ఎర్ర దీపాలు పెట్టడం మొదలుపెట్టారు. ఆ దీపాన్ని వెలిగించేది స్థానికులే, తమ మొబైల్‌తో. మరణాలు తగ్గాయి. ఏనుగును చంపలేదు, మనిషిని తరమలేదు. కబురు ముందుగా అందింది, అంతే. యెహెజ్కేలు గ్రంథంలోని కావలివాడి పని సరిగ్గా ఇదే.

రొమ్ములో గడ్డ విషయంలోనూ ఇలాంటి కావలి పని ఒకటి మన దేశంలోనే జరిగింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి, మురికివాడలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న లక్షా 51 వేల మంది స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించారు. సగం ప్రాంతాల్లో రెండేళ్లకొకసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో రొమ్ము పరీక్ష చేశారు. డాక్టర్లు కాదు, మామోగ్రామ్ యంత్రమూ కాదు, చేతులే. 2021లో బీఎంజే పత్రికలో ఫలితాలు వచ్చాయి. పరీక్ష జరిగిన చోట్ల జబ్బు ముదిరాక బయటపడిన కేసులు నూటికి 37, జరగని చోట్ల నూటికి 47. యాభై దాటిన స్త్రీలలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో మాత్రం మరణాలు తగ్గినట్టు కనిపించలేదు. దాన్ని దాచి చెప్పకూడదు. అయినా పల్లెలో యాభై దాటిన అమ్మను పట్టించుకునేది ఎవరు? ఆమెకు పిల్లలు పుట్టే వయసు అయిపోయింది, ఏఎన్ఎమ్ కూడా ఆ ఇంటి తలుపు తట్టడం మానేస్తుంది. సరిగ్గా ఆమెకే ఈ పరీక్ష ప్రాణం నిలిపింది.

30 నుంచి 65 ఏళ్ల స్త్రీలందరికీ ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒకరు కూడా లేరు. 0.9 శాతం. కాగితం మీద హక్కు ఉంది, చేతికి అందలేదు.

కావలి ఖరీదైన పని కాదు. వైద్యంలో కూడా ఖరీదైనదే మేలైనదని అనుకోనక్కర లేదు. అదే టాటా మెమోరియల్ నాయకత్వంలో దేశంలోని 11 ఆసుపత్రుల్లో సుమారు 1,600 మంది స్త్రీలపై మరో పరీక్ష జరిగింది. ఆపరేషన్‌కు కొన్ని నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిడోకైన్ ఇచ్చారు. పన్ను పీకేటప్పుడు తిమ్మిరి కోసం ఇచ్చే రకం మందే అది. ఐదేళ్ల తర్వాత చూస్తే, మందు ఇచ్చినవాళ్లలో నూటికి 90 మంది, ఇవ్వనివాళ్లలో 86 మంది బతికి ఉన్నారు. పేటెంటు కొత్త మందులకు లక్షలు పోసే కాలంలో ఇది మన దేశపు పరిశోధన, పేదవాడికి అందే పరిశోధన.

ఇక అడవి. రొమ్ము క్యాన్సర్‌కు వాడే పాక్లిటాక్సెల్ మందు అమెరికా పశ్చిమ తీరపు అడవుల్లోని పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు నుంచి వచ్చింది. మన్రో వాల్‌తో కలిసి దాన్ని 1971లో లోకానికి చెప్పినవాడు మహారాష్ట్రలో పుట్టిన మన్సుఖ్ వాని. అంతకు ముందు కలప నరికేవాళ్లు ఆ చెట్టును పనికిరాని చెత్తగా తగలబెట్టేవారు. అడవిలో ఏది చెత్తో మనకు ముందే తెలుసని అనుకోవడం పెద్ద పొరపాటు. మందు దొరికాక ఇంకో ఆపద వచ్చింది: బెరడు తీస్తే చెట్టు చస్తుంది. దాంతో ఆకుల్లోని పదార్థం నుంచి మందు తయారు చేసే దారి వెతికారు. మన హిమాలయాల్లోని యూ చెట్టు మాత్రం విచ్చలవిడిగా నరకడం వల్ల ప్రమాదంలో పడింది. అడవి పరిశోధనకు పెట్టే డబ్బు ఆడవాళ్ల వైద్యానికి పెట్టే డబ్బుకు పోటీ అని ఎవరైనా అంటే ఈ చెట్టు కథ చెప్పండి.

కేజీఎఫ్ సైనైడ్ దిబ్బల దుమ్ము వల్లే క్యాన్సర్లు వస్తున్నాయని మన దగ్గర చాలామంది అంటారు. గనులు 2001లో మూతపడ్డాయి, దిబ్బలు అలాగే ఉన్నాయి, గాలికాలంలో దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. ఆ భయం న్యాయమైనదే, కానీ భయం రుజువు కాదు. రుజువు కావాలంటే మళ్లీ లెక్కే కావాలి. అందుకే కోలార్ జిల్లాకు, కేజీఎఫ్‌కు జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీ కావాలని మనం గట్టిగా అడగాలి.

ఇప్పుడు సంఘం మాట. మన ప్రార్థన విన్నపాల చీటీల్లో "ఆ జబ్బు" అని రాస్తారు. రొమ్ము అనే మాట పలకడానికి సిగ్గు. పరమగీతాన్ని బైబిల్లో ఉంచుకున్న మనకు ఆ సిగ్గు ఎక్కడిదో నాకు అర్థం కాదు. నొప్పి లేని గడ్డ కాబట్టి ఏమీ కాదనుకుంటారు. నిజానికి ఈ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఆ తర్వాత పసుపు పట్టు, నాటు మందు, స్వస్థత కూటం. నూనె రాసి ప్రార్థించడం తప్పని నేను అనను, నేనూ చేస్తాను. "మందు మానేయ్, విశ్వాసం చాలు" అని వేదిక మీద నుంచి చెప్పడం మాత్రం పాపం. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, ఆ తర్వాత యెషయా ప్రవక్త పుండు మీద అత్తిపండ్ల ముద్ద కట్టమన్నాడు. ప్రార్థనా ఉంది, పట్టూ ఉంది.

యౌవనులారా, మీలో చాలామంది తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు. కిద్వాయికి ఎలా వెళ్లాలి, చీటీ ఎక్కడ రాయించాలి, ఆయుష్మాన్ కార్డు ఎక్కడ చూపాలి, ఇవి మీకు తెలిసినంతగా ఇంట్లో అమ్మకు తెలియదు. వైద్యం మధ్యలో ఆగిపోవడానికి సగం కారణం తోడు లేకపోవడమే. ఒక్క రోజు సెలవు పెట్టి తోడు వెళ్లడం ఏ స్వచ్ఛంద సేవకూ తక్కువ కాదు.

స్త్రీల కూటాలకు నేను చెప్పేది ఇంతే. బాప్తిస్మం, వివాహం, సమాధి, ఈ మూడింటికీ మనకు రిజిస్టర్లు ఉన్నాయి. ఇంకో పుస్తకం పెట్టండి. ముప్పై దాటిన ప్రతి సహోదరి పేరు, పరీక్ష జరిగిన తేదీ, మళ్లీ చేయించాల్సిన తేదీ. పక్కన ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నలుగురు కలిసి వెళ్లి, 2016 మార్గదర్శకాల ప్రకారం ఫలానా రోజు మా ఊరికి రండి అని రాతపూర్వకంగా అడగండి. యాభై దాటినవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. గడ్డ తగిలిన అక్కను ఆ వారంలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆ పుస్తకం పాస్టరు దగ్గర ఉండకూడదు. స్త్రీల కూటం కార్యదర్శి పెట్టెలో ఉండాలి, తాళం కూడా ఆమె దగ్గరే ఉండాలి.