ఫిలిప్పీన్స్ వెళ్లే పిల్లలకు వంటింటి తగలోగ్ నేర్పాలి

తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా ఎందరో పిల్లలు డాక్టరు చదువు కోసం ఫిలిప్పీన్స్ వెళ్తున్నారు. ఆవకాయ, కందిపొడి, కుక్కరు సూట్‌కేసుల్లో సర్దే తల్లిదండ్రులకు కన్సల్టెన్సీలు తరచూ చెప్పే ధైర్యం ఒకటుంది: అక్కడ పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే, భాషతో ఇబ్బందే లేదు. తరగతి గది వరకు ఆ మాట నిజమే. 1987 నాటి రాజ్యాంగం తగలోగ్ ఆధారంగా ఎదిగిన ఫిలిపినోతో పాటు ఇంగ్లిష్‌ను కూడా అధికార భాషగా గుర్తించింది. కానీ పిల్లలు రోజంతా తరగతిలోనే కూర్చోరు. బజారుకు వెళ్లాలి, హోటల్లో తినాలి, అద్దె గదిలో వండుకోవాలి, ఆఖరికి వార్డులో రోగి మంచం పక్కన నిలబడాలి. కాబట్టి విమానం ఎక్కకముందే వాళ్లకు కాస్త తగలోగ్ నేర్పాలి. ఆ నేర్పడం వంటింట్లోంచే మొదలుపెట్టాలి.

మొదట అన్నం సంగతే చూద్దాం. ఇంగ్లిష్‌లో బస్తాలో ఉన్నా కంచంలో ఉన్నా అంతా రైసే. తగలోగ్‌కు అది చాలదు, తెలుగుకూ చాలదు. వడ్లు ‘పాలాయ్’, బియ్యం ‘బిగాస్’, వండిన అన్నం ‘కానిన్’. జావలా జారుగా వండితే ‘లుగావ్’. రాత్రి మిగిలినదాన్ని పొద్దున్నే వెల్లుల్లి వేసి వేయిస్తే ‘సినంగాగ్’. గిన్నె అడుగున పట్టిన మాడు ‘తుతోంగ్’.

రుచుల దగ్గరా అంతే. ఉగాది పచ్చడిలోని ఆరింటికీ అక్కడ విడివిడిగా మాటలున్నాయి: తీపి ‘తమీస్’, పులుపు ‘ఆసిమ్’, ఉప్పు ‘ఆలత్’, కారం ‘అంగ్‌హాంగ్’, చేదు ‘పాయిత్’, వగరు ‘పక్లా’. జామపిందె వగరును ఇంగ్లిష్‌లో చెప్పలేక తడుముకునే తెలుగు పిల్లవాడికి తగలోగ్‌లో ఆ తిప్పలు ఉండవు.

ఇక వ్యాకరణం. కొత్తగా నేర్చుకునేవాళ్లను తగలోగ్ క్రియలు బాగా కంగారు పెడతాయి. మాట మధ్యలోనో, అచ్చుతో మొదలయ్యే మాటైతే ముందో ‘ఇన్’ అనే ముక్క వచ్చి కూర్చుంటుంది. పుస్తకంలో సూత్రంగా చదివితే బుర్రకెక్కని ఈ సంగతి హోటల్ మెనూలో ఇట్టే అర్థమవుతుంది. ‘గిసా’ అంటే నూనెలో ఉల్లి, వెల్లుల్లి వేసి మగ్గించడం. అలా చేసిన వంటకం ‘గినిసా’. ‘ఈహావ్’ అంటే నిప్పుల మీద కాల్చడం; కాల్చినది ‘ఇనీహావ్’. చింతకాయ పులుపుతో కాచే పేరుమోసిన పులుసు ‘సినిగాంగ్’లోనూ ఆ ‘ఇన్’ దాగి ఉంది. నాలుగు వంటకాలు తెలిస్తే చాలు, అయిదోదాని పేరు చూసి అదెలా చేశారో పిల్లలే పట్టేస్తారు.

అక్కడి చరిత్ర కూడా వంటింట్లోనే కనిపిస్తుంది. అన్నం మాటలు అచ్చంగా ఆ నేలవి. చాకు ‘కుత్సీల్యో’, చెంచా ‘కుత్సారా’ మాత్రం 300 ఏళ్లకు పైగా ఏలిన స్పెయిన్ వాళ్లు వదిలి వెళ్లినవి. సోయా సాస్‌కు వాడే ‘తోయో’, నూడుల్స్‌కు వాడే ‘పన్సిత్’ దక్షిణ చైనా నుంచి వచ్చిన హొక్కియెన్ వర్తకులవి. బొప్పాయికాయ తురుముతో పెట్టే పచ్చడి ‘అచారా’ పేరు వినగానే హైదరాబాద్ వాళ్లకు అచార్ గుర్తొస్తుంది.

శాకాహారుల ఇళ్లలో ఈ చదువు అవసరం మరీ ఎక్కువ. ‘పినక్‌బెత్’నే తీసుకోండి. కాకర, వంకాయ, బెండ, గుమ్మడి ముక్కలు కలిపి వండిన ఆ గిన్నె చూస్తే అచ్చం మన ఇంటి కలగూరలాగే ఉంటుంది. దానికి ఉప్పదనం ఇచ్చేది మాత్రం ‘బగోఓంగ్’, అంటే రొయ్యలనో చేపలనో ఉప్పులో మాగబెట్టిన ముద్ద. పెసలతో చేసే ‘గినిసాంగ్ ముంగో’లో పంది మాంసం ముక్కలు పడటం మామూలే. ‘గూలాయ్’ అంటే కూరగాయలు కదా అని నమ్మి తింటే ఏమీ తప్పించుకోలేరు. పంది ‘బాబోయ్’, ఆవు మాంసం ‘బాకా’, చేపలను ఉప్పులో మాగబెడితే దిగే రసం ‘పతిస్’ అన్న మాటలు తెలిసి, అవి లేకుండా కావాలని ‘వలాంగ్’ చేర్చి అడగగలిగినవాళ్లకే బెంగ తీరుతుంది. చివర మన ‘అండీ’ లాంటి ‘పో’ చేరిస్తే మర్యాద కూడా దక్కుతుంది.

అసలు ప్రయోజనం వార్డులో తెలుస్తుంది. బీపీ రోగిని ఏం తిన్నారని అడిగితే ‘తూయో’ అంటాడు. అది ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప. సోయా సాస్ ‘తోయో’కీ దానికీ రాతలో తేడా ఒక్క అచ్చులోనే ఉంది. షుగర్ రోగి పూటకు ఎంత ‘కానిన్’ తింటున్నాడో, పొద్దున ‘సినంగాగ్’ తిన్నాడో ‘లుగావ్’ తాగాడో తెలియని వైద్య విద్యార్థి ఏం పథ్యం చెబుతాడు? రోగి తన తిండి గురించి తన భాషలోనే చెబుతాడు. దాన్ని అర్థం చేసుకోవడం వైద్యంలో భాగం.

దవావో నగరంలో చదివేవాళ్లకు తగలోగ్ ఎందుకు, అక్కడ వినిపించేది సెబువానో భాష కదా అని కొందరు అంటారు. సబబైన మాటే. అక్కడ బియ్యం ‘బుగాస్’, అన్నం ‘కన్ఓన్’. అయితే దేశమంతటా బడుల్లో, టీవీలో నడిచేది తగలోగ్ ఆధారిత ఫిలిపినోయే. దవావో రోగికీ అది తెలుసు. అది పట్టుబడ్డాక సెబువానో మాటలు చేర్చుకోవడం కష్టం కాదు.

లక్షల రూపాయల ఫీజులు కట్టించుకునే కన్సల్టెన్సీలు ప్రయాణానికి ముందు కనీసం రెండు వారాలు వంటింటి తగలోగ్ తరగతులు పెట్టాలి. పాఠం చెప్పడానికి అక్కడ చదువు ముగించుకుని వచ్చిన తెలుగు డాక్టర్లు ఇక్కడే ఉన్నారు. కూరగాయల పేర్లు, వండే తీరు, రుచులు, మాంసం మాటలు, బేరం మాటలు కలిపి వంద వరకు ఉండే పట్టికను తెలుగు లిపిలో అచ్చువేసి, పక్కనే సెబువానో వరస కూడా ఇవ్వాలి. ఫీజు వివరాలు అడిగే రోజే తల్లిదండ్రులు ఈ తరగతుల గురించి కూడా గట్టిగా అడగాలి.