ఓనర్ ఆంటీకి తప్ప అందరికీ తెలిసిన పాస్‌వర్డ్

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే మా బిల్డింగ్‌లో అర్థం వేరు. ప్రింటర్ ఆగినా, టీవీలో చానెళ్లు పోయినా, గీజర్ పనిచేయకపోయినా మొదటి పిలుపు నాకే. నేను రాసేది జావా కోడ్ మాత్రమే అని ఎంత చెప్పినా, "గదే కదా బిడ్డా, కంప్యూటరే కదా" అంటుంది ఓనర్ ఆంటీ. ఆ మాటకి నా దగ్గర ఇంతవరకు జవాబు లేదు.

మొన్నో ఆదివారం. చంపాపేట్‌లో పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరూ అలారం పెట్టుకోరు. రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఫంక్షన్ హాళ్ల బ్యాండే లేపుతుంది. బ్యాండ్ కంటే ముందు ఆ రోజు ఆంటీ లేపింది. "బిడ్డా, జర కిందికి రా. కొత్త టీవీ వైఫై పాస్‌వర్డ్ అడుగుతుంది. మాకెవ్వరికీ ఎరుకలేదు."

సంగతేంటంటే, ఆ సాయంత్రం ఏడున్నరకి డల్లాస్‌లో ఉన్న వాళ్ల మనవరాలికి తొట్టెల. ఇక్కడి చుట్టాలంతా హాల్లో కూర్చుని పెద్ద తెరమీద చూడాలని కొత్త టీవీ కొన్నారు. రూటర్ పెట్టించింది కొడుకు, ఆరేళ్ల కింద. ఫోన్ చేసి అడిగితే "ఎప్పుడో పెట్టినా అమ్మా, యాదికి లేదు" అన్నాడట. రూటర్ తిప్పి చూశాను. అడుగున స్టిక్కర్ మీద ఒక పాస్‌వర్డ్ ఉంది. కొట్టి చూస్తే పనిచేయలేదు. అంటే కొడుకు దాన్ని మార్చేశాడు. అడుగున ఉన్నది పనిచేస్తే ఈ కాలమ్ ఇక్కడితో అయిపోయేది. మీరు మాత్రం ముందు అదే చూడండి, సగం ఇళ్లలో అదే ఉంటుంది.

ఆంటీ ఫోన్ ఆ వైఫైకి కనెక్ట్ అయ్యే ఉంది. కాబట్టి పాస్‌వర్డ్ ఆ ఫోన్‌లోనే ఉంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఒకసారి కలిశాక ఫోన్‌కి పాస్‌వర్డ్‌తో ఇక పనిలేదు అనుకుంటారు. ఉంది. ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ "నాకు తెలుసు" అని ఫోన్ రూటర్‌కి కొత్తగా నిరూపించుకోవాలి. అందుకే లోపల దాచుకుంటుంది. దాచుకున్నది మనకి చూపిస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

ఆంటీది ఆండ్రాయిడ్ 9 ఫోన్. అది చూపించదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచే వైఫైని క్యూఆర్ కోడ్‌గా షేర్ చేసే వీలు ఫోన్ సెట్టింగ్స్‌లోకి వచ్చింది. అంతకుముందు ఫోన్లలో పాస్‌వర్డ్‌లు సిస్టమ్ ఫోల్డర్లో ఒక ఫైల్‌లో పడి ఉంటాయి, ఫోన్‌ని రూట్ చేస్తే తప్ప ఆ ఫైల్ తెరుచుకోదు. నేను ఇది ఆలోచిస్తుండగానే అంకుల్ ప్లే స్టోర్‌లో "వైఫై పాస్‌వర్డ్ చూపించే యాప్" ఒకటి దించేశారు. అది మొదట లొకేషన్ అడిగింది, తర్వాత కాంటాక్ట్స్ అడిగింది, తర్వాత రమ్మీ యాడ్ చూపించింది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్‌ని మామూలు యాప్‌కి ఆండ్రాయిడ్ ఇవ్వనే ఇవ్వదు. కాబట్టి రూట్ చేయని ఫోన్లో చూపిస్తానని చెప్పే యాప్‌కి కావాల్సింది మీ పాస్‌వర్డ్ కాదు, ఇంకేదో.

యాప్ తీసేయించాను. ఈలోగా ఆంటీ తన ఫోన్లో వైఫై పేరు మీద గట్టిగా నొక్కి పట్టుకుంది. తెరమీద 'ఫర్గెట్' అని వచ్చింది. ఫోన్ లాక్కున్నంత పని చేశాను. కంగారులో అందరూ చేసేది ఇదే. "ఒకసారి తీసి మళ్లీ కలుపుదాం" అని ఫర్గెట్ నొక్కుతారు. నొక్కారంటే ఆ ఫోన్లోంచి పాస్‌వర్డ్ పోయినట్టే. పాస్‌వర్డ్ చేతికి వచ్చేదాకా ఫర్గెట్ జోలికి, 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్' జోలికి వెళ్లకండి.

మరి ఏం చేయాలి? రూటర్ వెనక సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయొచ్చు. కానీ అప్పుడు ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, సెట్టింగ్స్ కూడా పోతాయి. ఆదివారం కస్టమర్ కేర్ వాళ్లతో మాట్లాడి సాయంత్రానికి బాగుచేయించే ధైర్యం నాకు లేదు. మాది పైన వేరే కనెక్షన్, నా ఫోన్‌లో వీళ్ల వైఫై లేదు. సరిగ్గా అప్పుడే రెండో అంతస్తులో ఉండే నర్సింగ్ స్టూడెంట్లలో ఒకమ్మాయి మెట్లు దిగుతూ ఆగింది.

"వైఫైదా అన్నా? నా ఫోన్ల ఉంది."

మెట్ల దగ్గర ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆంటీ ఆ అమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను రూటర్ వైపు చూశాను. "మాకు ముందున్న అక్కవాళ్లు ఇచ్చి పోయిన్రు ఆంటీ, మీకు తెలుసనుకున్నం" అంది మెల్లగా.

సరే, పంచాయితీ తర్వాత. ఆ అమ్మాయిది శాంసంగ్. సెట్టింగ్స్‌లో కనెక్షన్స్, అందులో వైఫై, కలిసి ఉన్న నెట్‌వర్క్ పక్కన గేర్ గుర్తు, లోపల క్యూఆర్ కోడ్. పిక్సెల్, మోటరోలా లాంటి ఫోన్లలో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి వెళ్లి అదే గేర్ గుర్తు నొక్కితే 'షేర్' కనిపిస్తుంది. అది వేలిముద్రో పిన్నో అడిగి, క్యూఆర్ కింద చిన్న అక్షరాల్లో పాస్‌వర్డ్ కూడా రాసి చూపిస్తుంది. రెడ్‌మీ లాంటి వాటిలో వైఫై పేరు మీద నొక్కితే క్యూఆర్ మాత్రమే వస్తుంది, అక్షరాలు కనపడవు. కంగారుపడొద్దు. ఆ కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌తో తెరవండి, లేదా ఇంకో ఫోన్‌తో స్కాన్ చేయండి. ఒక్కో కంపెనీ మెనూకి ఒక్కో పేరు పెడుతుంది కాబట్టి దొరక్కపోతే సెట్టింగ్స్ పైన సెర్చ్ డబ్బాలో వైఫై అని కొట్టడం తేలిక.

ఐఫోన్ వాళ్లకి 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి పని సులువైంది. సెట్టింగ్స్‌లో వైఫై, పేరు పక్కన 'ఐ' గుర్తు, పాస్‌వర్డ్ మీద నొక్కితే ఫేస్ ఐడీ అడిగి చూపిస్తుంది. పైన 'ఎడిట్' నొక్కితే ఎప్పుడో ఊళ్లో కలిపిన వైఫైలు కూడా వరసగా ఉంటాయి. ఫోన్ పోయి విండోస్ ల్యాప్‌టాప్ మిగిలితే, కంట్రోల్ ప్యానెల్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్, 'షో క్యారెక్టర్స్' టిక్కు. అంతే.

ఆ క్యూఆర్‌ని నా ఫోన్‌తో స్కాన్ చేశాను. పది అంకెలు వచ్చాయి. చదివి వినిపిస్తుంటే మూడో అంకె దగ్గరే ఆంటీ అందుకుంది, మిగతా ఏడూ తనే చెప్పేసింది. "అయ్యో, గిది అంకుల్ పాత నంబర్ కదా!" ఇరవై ఏళ్లుగా నోటికి వచ్చిన నంబరు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

సాయంత్రం తొట్టెల బాగా జరిగింది. యాభై అయిదు అంగుళాల తెరమీద మనవరాలు మొత్తం నిద్రపోయింది, చుట్టాలు మొత్తం అరిచారు.

నాకు మాత్రం ఆ పది అంకెలు బుర్రలో తిరుగుతున్నాయి. మన సిటీలో వైఫై పాస్‌వర్డ్ అంటే సెల్ నంబరే. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి, అంటే మొత్తం 400 కోట్ల అవకాశాలు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఫోన్ రూటర్‌తో కలిసే క్షణంలో గాలిలో జరిగే సంభాషణని ఎవరైనా పట్టుకుంటే, ఒక మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఆ 400 కోట్లనీ కొన్ని గంటల్లో ప్రయత్నించగలదు. అయినా అంత శ్రమ ఎవరికి? మా బిల్డింగ్‌లో అది క్యూఆర్ రూపంలో చేతులు మారుతోంది. ఆ కోడ్‌లో లాకు గీకు ఏమీ లేదు. వైఫై పేరు, సెక్యూరిటీ రకం, పాస్‌వర్డ్, మూడూ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. "పాస్‌వర్డ్ చెప్పలే, క్యూఆరే చూపించిన" అంటే చెప్పినట్టే. వాట్సాప్ గ్రూప్‌లో ఆ స్క్రీన్‌షాట్ పెడితే గోడమీద రాసినట్టే.

రాత్రి రూటర్ పేజీ తెరిచాను. బ్రౌజర్లో 192.168.1.1 కొడితే వచ్చింది (కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది). కనెక్ట్ అయినవి 14. ఆంటీ ఫోన్, అంకుల్ ఫోన్, టీవీ, గేటు కెమెరా: నాలుగు. పై అమ్మాయిల ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ కలిపి అయిదు. మొదటి అంతస్తు బాబు ట్యాబ్ ఒకటి. ఇంకా నాలుగు ఎవరివో తెలియదు.

అంకుల్‌కి చెప్పాను. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కాసేపటి ముందు మీడియాకి ఒక ఈమెయిల్ వచ్చింది. ఐపీ అడ్రస్ పట్టుకుని పోతే అది నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఫ్లాట్ దగ్గర తేలింది. ఆయన వైఫైని వేరేవాళ్లు వాడుకున్నారు. పోలీసులు మొదట తలుపు తట్టింది మాత్రం ఆయనదే. ఎందుకంటే కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో రికార్డు దాన్నే చూపిస్తుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్లు జరిగినప్పుడు అంకుల్ ఆ దారినే ఇంటికొస్తున్నారట. ఇంకేం మాట్లాడలేదు. "మార్చెయ్" అన్నారు.

మార్చేశాను. నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి, మధ్యలో రెండంకెలు పెట్టి, పొడుగ్గా. రూటర్ పేజీకి ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చాను, అది మార్చకపోతే ఇది మార్చి లాభం లేదు. మరుక్షణం గేటు కెమెరా ఆగిపోయింది. దాన్ని మళ్లీ కలపడానికి నిచ్చెన వేసుకుని రెండు గంటలు పట్టింది. మీరూ మార్చేముందు ఇంట్లో ఏమేం వైఫైకి కలిసి ఉన్నాయో ఒకసారి లెక్క వేసుకోండి.

బుధవారం ఆఫీసు నుంచి వస్తుంటే గేటు పక్కన ఇస్త్రీ బండి అక్క ఆపింది. "అన్నా, ఆంటీవాళ్ల నెట్ ఖరాబైందా? పోరడు మూడు దినాలసంది మొత్తుకుంటుండు."

ఆ నాలుగింటిలో ఒకటి ఎవరిదో అప్పుడు తెలిసింది. 2020లో కరోనాకి బళ్లు మూసేసి, సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టారు. అప్పుడు ఆ పిల్లాడు ఏడో తరగతి. ఇంట్లో టీవీ లేదు. ఆంటీ కొడుకే ఆ అక్క ఫోన్ తీసుకుని పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చాడట, "చదువుకో" అని. ఇప్పుడు వాడు ఇంటర్ సెకండియర్. రాత్రి ఎనిమిది తర్వాత బండి కింద లైటు వేసుకుని యూట్యూబ్‌లో ఎప్‌సెట్ క్లాసులు వింటాడు. రోజూ వాడి పక్కనుంచే బైక్ పెట్టుకుని పైకి వెళ్తాను. ఏ నెట్ వాడుతున్నాడో ఎప్పుడూ అనుకోలేదు. వాడి నెట్ కోసేసింది నేను.

ఆంటీకి చెప్తే తిట్టింది, నన్నే. "గా పిలగానిది ఎందుకు బంజేసినవ్? ఇయ్యి." అంకుల్ పేపర్ వెనక నుంచి "పాస్‌వర్డ్ ఇస్తే మళ్లా ఊరంతా పోతది" అన్నారు. ఇద్దరి మాటా నిజమే.

అదృష్టం, వాళ్ల రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంది. చాలా రూటర్లలో ఉంటుంది, ఎవరూ ఆన్ చేయరు. అదే రూటర్ నుంచి ఇంకో పేరుతో, ఇంకో పాస్‌వర్డ్‌తో వేరే వైఫై వస్తుంది. అందులో కలిసినవాళ్లకి ఇంటర్నెట్ వస్తుంది గానీ ఇంట్లో టీవీ, కెమెరా కనపడవు. కావాలంటే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, ఆపుకోవచ్చు, ఇంట్లోవేవీ కదలవు. మా దాంట్లో స్పీడ్‌కి పరిమితి పెట్టే వీలు కూడా ఉంది, పెట్టాను. ఐపీ అడ్రస్ మాత్రం అంకుల్ పేరు మీదిదే, ఆ చిక్కు గెస్ట్‌తో పోదు. అది కూడా దాచకుండా చెప్పాను. అంకుల్ కాసేపు ఆలోచించి, "తెలిసినోళ్లకే ఇయ్యి, రెండు నెలలకోసారి మార్చు" అన్నారు. మార్చే డ్యూటీ ఎవరిదో మీకు తెలుసు.

ఆ రాత్రి బండి దగ్గరికి వెళ్లి పిల్లాడి ఫోన్‌లో నేనే పాస్‌వర్డ్ కొట్టాను. పై అమ్మాయిలు కూడా ఒక స్వీట్ బాక్స్‌తో వచ్చి ఆంటీతో రాజీపడ్డారు, వాళ్లకీ గెస్టే. "ఎవ్వరికీ ఇయ్యకురి" అని ఆంటీ అందరికీ చెప్పింది. పిల్లాడు బుద్ధిగా తలూపాడు.

మొదటి రోజు గెస్ట్‌లో ఆరు ఉన్నాయి. నిన్న రాత్రి చూస్తే పదకొండు. కిందికి వెళ్లి చూశాను. బండి కింద లైటు దగ్గర ఇప్పుడు ముగ్గురు పిల్లలు కూర్చుంటున్నారు, ఫిజిక్స్ బుక్కు ఒక్కటే ఉంది, ఫోన్లు మూడున్నాయి. అంకుల్‌కి ఇంకా చెప్పలేదు.