పాటతో పాటు పేరు కూడా మిగలాలి

హైదరాబాదు పోతే చార్మినార్, గోల్కొండ చూసి వచ్చేస్తారు. అసెంబ్లీ పక్కనున్న కళల చోటు కూడా చూడాలని నా అభిప్రాయం. అక్కడ రవీంద్రభారతి ఉంది. టాగోరు శతజయంతికని కట్టి 1961లో తెరిచారు. దగ్గరలోనే పబ్లిక్ గార్డెన్స్. అందులో పిల్లలకు ఆటపాటలు నేర్పే జవహర్ బాలభవన్, నిజాం కాలంలో పెట్టిన స్టేట్ మ్యూజియం ఉన్నాయి. అన్నీ నడిచే చూడొచ్చు.

మ్యూజియంలో అందరూ ఈజిప్టు మమ్మీ చుట్టూ మూగుతారు. నేను మాత్రం రాతి బొమ్మల కాడ ఆగిపోయాను. ఏ రాజుల కాలమో తెలుస్తుంది గానీ చాలా బొమ్మలకి చెక్కినవాళ్ళ పేరు తెలీదు.

మన గూడేల్లోనూ అట్లాగే అవుతోంది. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషలో, తెలుగులో పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు కాబట్టి ఆయన పేరు అందరికీ తెలిసింది. 2024లో చనిపోయారు. పద్మశ్రీ రాని తాతలు, అవ్వలు ఇంకెంతమందో! వాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు?

చదువుకోడానికొచ్చి డోలు గోల ఎందుకని కొందరంటారు. నేనొప్పుకోను. మా ఇంట్లో రాయడం వచ్చింది మొదట నాకే. ఆ రాత పరీక్షలకేనా?

ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక పాట, పాడినవాళ్ళ పేరు, ఊరు రాసుకొద్దాం. వార్డెన్ మేడమ్ గారూ, దానికి ఈ గోడ మీద ఒక చార్టు ఇప్పించండి.

– 9వ తరగతి విద్యార్థిని