ర్యాంకు అంటే ఎంసెట్‌దేనా?

ఎంసెట్ ర్యాంకు ఎంతని అడిగితే మన పిల్లలు నిద్రలో లేపినా చెప్తారు. మాత్రిక ర్యాంకు కనుక్కోమన్నా కనుక్కుంటారు. ఎషెలాన్ రూపంలోకి మార్చి, సున్నా కాని వరుసలు లెక్కపెట్టి, జవాబు కింద రెండు గీతలు కొడతారు. ఆ వచ్చిన 2 దేన్ని లెక్కపెట్టిందో అడగండి, నోరు పెగలదు. తప్పు వాళ్లది కాదు. ఆ ప్రశ్న పరీక్షలో రాదు, కాబట్టి క్లాసులోనూ రాదు.

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో లీనియర్ ఆల్జీబ్రా పేరుతో జరిగేది, వంట నేర్పుతామని పిలిచి గిన్నెలు తోమించడం. నార్మల్ ఫామ్, కేలీ-హామిల్టన్, ఐగెన్ విలువలు... ఒక్కోటీ ఒక ‘ఇంపార్టెంట్ క్వశ్చన్’. అవి దేనికో ఎవరూ చెప్పరు. మళ్లీ ఏ కాలేజీ బ్రోచరు తిరగేసినా ఏఐ, మెషిన్ లెర్నింగే. ఆ రెండూ నిలబడింది ఈ మాత్రికల మీదే అన్న సంగతి మాత్రం బ్రోచరులో ఉండదు.

ఉదాహరణకి ఎక్కడికో పోనక్కర్లేదు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు ఒకే శుద్ధి కేంద్రానికి చేరేవి. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఇప్పుడొక ప్రశ్న. అన్ని కంపెనీల నీళ్లూ కలిసిపోయాక, ఆ కలగాపులగాన్ని పరీక్షించి ఎవరు ఎంత వదిలారో చెప్పగలమా?

ఇది అచ్చంగా మొదటి ఏడాది లెక్క. ఒక్కో కంపెనీ లీటరు నీళ్లలో ఏ రసాయనం ఎంతుందో ఒక్కో నిలువు వరుసగా రాయండి. అదే మాత్రిక. దాని ర్యాంకు 90 అయితే దొంగని పట్టుకోవచ్చు. మనం కొలిచేది పది రసాయనాలే అయితే ర్యాంకు పది దాటదు. ఇద్దరు ఒకే రకం నీళ్లు వదిలితే, ఒకరి వాటా ఇంకొకరి మీదికి తోసినా మొత్తం మారదు. ర్యాంకు తగ్గిన చోట దొంగ దాక్కుంటాడు. పారే నీళ్ల పక్కనే బస్సెక్కి కాలేజీకి పోయే పిల్లకి ఈ సంగతి చెప్పకుండా ర్యాంకు నేర్పామనుకోవడం ఏం నేర్పడం?

‘ముందు లెక్క రావాలి, అర్థం తర్వాత అదే వస్తుంది’ అంటారు. రాదు. వచ్చేదైతే ఈపాటికి వచ్చుండాలి. లెక్క వద్దనట్లేదు. రెండు మూడు మాత్రికలు చేత్తో చెయ్యాల్సిందే. కానీ ముప్పై ఎందుకు? నమ్‌పై ఆ పని ఒక్క లైనులో చేస్తుంది. వచ్చిన జవాబుకి అర్థమేంటో మాత్రం చెప్పదు.

‘మన పిల్లలకి అంత లోతెందుకు, ప్లేస్‌మెంట్ వస్తే చాలు’ అనేది రెండో మాట. ఇది ఇంకా ఘోరం. అర్థం కందిలోని ఐఐటీకి, స్టెప్పులు మిగతా కాలేజీలకి అని ఎవరు పంచారు? ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి. ఆర్. రావు, మామూలు విలోమం లేని మాత్రికలతో ఏం చెయ్యాలన్న దానిమీద సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో పుస్తకమే రాశారు. సరిగ్గా మన పటాన్‌చెరు లెక్క ఆగిపోయే చోటు అది. లోతు మన వల్ల కాదనేవాళ్లు ఆ పేరు ఒకసారి తలుచుకోవాలి.

సిలబస్ మార్చడానికి కమిటీలు, ఏళ్లు కావాలి. ప్రశ్నపత్రం మార్చడానికి అంత అక్కర్లేదు. ‘ర్యాంకు కనుగొనుము’ అన్న దాని కింద ఇంకొక్క లైను చేర్చండి: ‘ఈ జవాబు ఏం చెప్తోంది? మీ మాటల్లో రాయండి.’ ఐదు మార్కులివ్వండి. తెలుగులో రాసినా ఇవ్వండి. వచ్చే సెమిస్టరుకల్లా ఆ ప్రశ్న క్లాసులో కూడా వినిపిస్తుంది.