కారుకి పొడిగుడ్డ తగలనివ్వకండి

మా నాన్నగారు మొదటిసారి కొలంబస్ వచ్చినప్పుడు గరాజ్ ముందు ఆగి అన్న మొదటి మాట: "ఏరా, ఇన్ని లక్షలు పోసి కొన్నావు, రోజూ ఓసారి గుడ్డ పెట్టి తుడవడానికి ఏం రోగం?" విజయవాడలో ముప్ఫై ఏళ్ళపాటు బజాజ్ చేతక్‌ని పాత లుంగీముక్కతో తుడిచి గానీ కాఫీ ముట్టుకోని మనిషి. మర్నాటి నుంచి నేను ఆఫీసుకి బయలుదేరేసరికి నా నల్ల ఆకార్డ్ తళతళలాడుతూ ఉండేది. అలా నాలుగు నెలలు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఆయన వెళ్ళిపోయాక ఓ ఎండరోజు గ్యాస్ కొట్టిస్తూ చూద్దును కదా, బానెట్ మీద సూర్యుడి బింబం చుట్టూ పెద్ద సాలెగూడు! అన్నీ వెంట్రుకంత సన్నటి గీతలే. లుంగీముక్క తప్పేం లేదు పాపం. కారు మీది దుమ్ములో ఇసక ఉంటుంది. పొడిగా తుడవడమంటే ఆ ఇసకతో రుద్దడమే.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. కారు రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అని రంగులేని పొర. మొత్తం కలిపితే మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. మెరుపు దానిదే, ఎండ నుంచి రంగుని కాపాడేదీ అదే. "పాలిష్ పెడితే గీతలు పోతాయి కదా" అన్నాడు మా ఆఫీసులో ఒకాయన. పోతాయి. కానీ పాలిష్ గీతని పూడ్చదు, దాని చుట్టూ ఉన్న పొరని గీత లోతుదాకా అరగదీస్తుంది. వడ్డీ రాని డిపాజిట్టులోంచి డబ్బు తీయడం లాంటిది. రెండుమూడుసార్లు తీయొచ్చు, ఆ తర్వాత ఖాళీ.

అందుకే నా అభిప్రాయం ఇది: రోజూ తిప్పే కారుకి చేయాల్సిన సేవ, వీలైనంత తక్కువ ముట్టుకోవడం. ముట్టుకోక తప్పకపోతే తడిగా ముట్టుకోవడం. ఇంతోటి దానికి షోరూం వాళ్ళ పాకేజీలు అక్కర్లేదు. కారు కొన్న రోజు ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టి, "నెలకి ఇరవై డాలర్లే" అంటూ నాకూ ఒకటి అంటగట్టారు. నెలకి ఇరవై అంటే అయిదేళ్ళకి పన్నెండొందలని కూడిక రాని సాఫ్ట్‌వేర్ మేధావిని నేను! ఇంటికొచ్చి హామీ కాయితం చదివితే గీతలకీ రాళ్ళదెబ్బలకీ అది వర్తించదట. సిరామిక్ కోటింగ్ పనికిరాదని అనను. నీళ్ళు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, చాలాకాలం ఉంటుంది. కానీ దాని మీద కూడా పొడిగుడ్డ వేస్తే అదే సాలెగూడు.

నేను చేసేది చెప్తాను. రెండు వారాలకోసారి, నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు. ముందు పైపుతో బాగా నీళ్ళు కొట్టి వదిలేదంతా వదలనివ్వాలి. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో ఉత్తనీళ్ళు. మైక్రోఫైబర్ గ్లవుని ఉత్తనీళ్ళలో జాడించాకే మళ్ళీ షాంపూలో ముంచాలి. పైకప్పు నుంచి కిందకి, చక్రాల దగ్గరి భాగం ఆఖర్న. గిన్నెలు తోమే సబ్బు వద్దు, అది పూసిన మైనాన్ని కూడా కడిగేస్తుంది. నీళ్ళు ఆరేలోపు మెత్తటి మైక్రోఫైబర్ టవల్‌తో అద్దాలి, లేకపోతే నీళ్ళలోని సున్నం మచ్చలు కడుతుంది. మూడునాలుగు నెలలకోసారి సీలెంట్ పూస్తాను. పదిహేను, ఇరవై డాలర్ల సీసా ఏడాదికి పైనే వస్తుంది. కార్నౌబా మైనం ఇంకా అందంగా ఉంటుంది కానీ త్వరగా పోతుంది. నాకంత ఓపిక లేదు.

పక్షిరెట్ట మాత్రం శనివారందాకా ఆగదు. ఎండలో గంటల్లోనే క్లియర్ కోట్‌ని తినేస్తుంది. కారులో ఓ నీళ్ళసీసా, గుడ్డ పెట్టుకోండి. బాగా నానబెట్టి ఎత్తేయాలి, గోకకూడదు.

ఒహాయోలో డిసెంబర్ నుంచి మార్చిదాకా అసలు శత్రువు రోడ్ల మీద చల్లే ఉప్పు. అప్పుడు ఇంటి దగ్గర కడగడం కుదరదు, నీళ్ళు గడ్డకడతాయి. వాతావరణం కాస్త తేరుకున్న రోజు బ్రష్షులు లేని వాష్‌కి, కారు అడుగున కూడా నీళ్ళు కొట్టేదానికి తీసుకెళ్తాను. తిరిగే బ్రష్షులుంటాయే, అవి మన ముందు వెళ్ళిన ట్రక్కు ఇసకంతా మోస్తుంటాయి. రాయి తగిలి రంగు లేచిన చోట తుప్పు మొదలవకముందే టచప్ పెన్ను పెట్టేయండి. రంగు కోడ్ చాలా కార్లకి డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది.

ఆ సాలెగూడు చూసిన రోజు సాయంత్రం ఫోన్‌లో నాన్నగారితో అనేశాను, "మీరు రోజూ తుడిచి పాడుచేశారు" అని. కాసేపు మాట్లాడలేదు. "పోన్లేరా, ఇక ముట్టుకోను" అన్నారు. రెండోసారి వచ్చినప్పుడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో కారు పక్కన నిలబడేవారు, రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకుని. మా ఆవిడ కిటికీలోంచి చూపించి, "ఏం ఘనకార్యం చేశారో చూడండి" అంది.

ఆ శనివారం రెండు బకెట్లూ బయట పెట్టి ఆయన చేతికి గ్లవు తొడిగాను. పైకప్పు నాది, తలుపులు ఆయనవి. గంటన్నర పట్టింది. టవల్ పిండుతూ నావైపు చూసి, "ఈపాటికి చేతక్‌ని నాలుగుసార్లు తుడిచేవాణ్ణిరా" అన్నారు.