మందు చల్లిన వారానికి

నల్లగొండ జిల్లా త్రిపురారంలో వానాకాలం నాట్లు పడ్డ నాలుగైదు రోజులకే కలుపు మందును ఇసుకలో కలిపి, పలుచగా నీళ్లు నిలగట్టిన మడిలో చల్లుతారు. ఆ రాత్రే గట్టి వాన పడిందంటే మడి పొంగి కొంత నీరు వాగులో పడుతుంది, కొంత నేలలోకి దిగుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద పొలాలకూ తాగునీటి బోర్లకూ మధ్య దూరం చాలాచోట్ల ఒక గట్టే.

నల్లగొండకు నీటి పరీక్ష కొత్త కాదు. ఇక్కడ ఫ్లోరైడ్ సంగతి దశాబ్దాల కిందటే బయటపడింది. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు దాన్ని అందరికీ చూపించాయి. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. మందు అవశేషం అలా కనిపించేది కాదు. ఊళ్లో వాడే పరీక్ష పెట్టెలో ఫ్లోరైడు, నైట్రేటు తేలుతాయి గానీ ఇది తేలదు. ఫిల్టర్ ప్లాంటువాళ్లు ముంచి చూపే టీడీఎస్ మీటరుకు తెలిసింది కరిగిన లవణాల లెక్కే. దాని అంకె చూసి ధైర్యంగా క్యాను ఇంటికి తీసుకెళ్లే తల్లులను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

మందు అవశేషాన్ని పట్టుకోవాలంటే ముదురు రంగు గాజు సీసాలో నీళ్లు పట్టి, ఐసులో పెట్టి, త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. అక్కడ లీటరు నీటిలోని అవశేషాన్ని ద్రావణిలోకి లాగి, చిక్కబరిచి, క్రొమటోగ్రఫీ యంత్రంలోకి ఎక్కిస్తారు. వెతికేది అంత సూక్ష్మం మరి. తాగునీటి జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదు. అంటే 10 లక్షల లీటర్లలో 1 గ్రాము. వరిలో చల్లే బ్యూటాక్లోర్‌కు మాత్రం 125 మైక్రోగ్రాముల దాకా అనుమతి. కొనుక్కునే సీసా నీళ్లలో ఏ ఒక్క మందూ 0.1 దాటరాదు. బిందెకూ సీసాకూ ఇంత తేడా ఎందుకుండాలో మాకు అర్థం కాదు.

ఎండాకాలంలో నీళ్లు పట్టి పరీక్షిస్తే, నాట్లప్పుడు చల్లిన మందు దొరకకపోవచ్చు. ఏ మందు ఎప్పుడు చల్లుతారో మండలంలోని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు తెలుసు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అవశేషాలు తేల్చే ప్రయోగశాల ఉంది. ఈ రెంటినీ కలిపి, మందు చల్లిన వారానికి ఒకసారి, మొదటి పెద్ద వాన తరువాత మరోసారి పొలం పక్క బోరు నీళ్లు పరీక్షించాలి. వచ్చిన అంకెలను పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి.