అడగనివాడి సొమ్ము ఎవరిది?

నల్గొండ జిల్లాలో బోర్ల మీద బతికే ఊళ్లకు మోటారు వైండింగ్ షాపు లేనిదే రోజు గడవదు. యాసంగిలో మోటారు కాలిపోతే పైరు ఆగదు కాబట్టి రైతు రాత్రికి రాత్రే దాన్ని ఆటోలో వేసుకొని వస్తాడు. అలాంటి షాపు నడిపే మా అన్న కొడుకు ఆమధ్య ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చి నా ముందు పెట్టాడు. కాగితాల అంచులకు వార్నిష్ మరకలు. ‘‘కాకా, నీకు లెక్కలు తెలుసుగదా, జర చూడు. పైసలు ఎటువోతున్నయో సమజయితలేదు’’ అన్నాడు.

ఇద్దరం స్కెచ్ పెన్ను పట్టుకొని కూర్చున్నాం. అక్టోబరు 3న ఖాతాలో 6,420 రూపాయలున్నాయి. అదేరోజు 708 రూపాయలు కోత పడింది. వానాకాలం మూడు నెలల్లో సగటు నిల్వ తగ్గినందుకట. మిగిలింది 5,712. రెండు రోజుల తర్వాత వైండింగ్ మెషీన్ మీద తీసుకున్న అప్పు కిస్తీ 6,150 రూపాయలు కట్టుబడాల్సి ఉంది. 438 రూపాయలు తక్కువై అది వెనక్కిపోయింది. దానికి 295 కోత. వారం తర్వాత మళ్లీ కిస్తీ కోసం వచ్చారు, మళ్లీ వెనక్కిపోయింది, మళ్లీ 295. అప్పిచ్చిన సంస్థ వేసిన బౌన్స్ చార్జీ వేరే. ఆ 708 కోసి ఉండకపోతే కిస్తీ ఠంచనుగా కట్టుబడేది. డబ్బు తక్కువైందన్న కారణంతో డబ్బు తీసుకుని, దానివల్ల మరింత తక్కువైతే మళ్లీ తీసుకున్నారు.

జనవరిలో మరో 708. ఒక చెక్కు తిరిగొచ్చినందుకు 590. ఎస్సెమ్మెస్‌లకు మూడు నెలలకోసారి 17 రూపాయల 70 పైసలు. నోట్లు జమ చేసినందుకు రెండుసార్లు 177. యూపీఐ సౌండ్ బాక్స్ అద్దె నెలకు 118. అన్నీ కూడితే ఏడాదికి 4,436 రూపాయల 80 పైసలు. షాపులో తీగ చుట్టే కుర్రాడి వారం కూలి కంటే ఎక్కువ.

ఈ అంకెల్లో ఒక గుర్తు ఉంది. బ్యాంకు సేవా చార్జీల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. కాబట్టి అర్థంకాని కోత ఏదైనా కనిపిస్తే దాన్ని 1.18తో భాగించండి. 708 అయితే 600, 590 అయితే 500, 295 అయితే 250 వస్తుంది. ఇలా గుండ్రని అంకె తేలితే అది దాదాపుగా బ్యాంకు చార్జీయే. కరెంట్ ఖాతా ఉన్న ప్రతి చిరు వ్యాపారీ ఏడాదికోసారి ఈ పని చేయాలి. ఎక్కడ పోతోందో తెలియనిదే తిరిగి అడగడం కుదరదు.

కరెంట్ ఖాతా మా అన్న కొడుకు సరదాపడి తెరిచింది కాదు. షాపు పేరు మీద చెల్లింపులు తీసుకోవాలన్నా, వ్యాపార రుణం కావాలన్నా బ్యాంకులు సాధారణంగా కరెంట్ ఖాతానే అడుగుతాయి. అందులోని డబ్బుకు వడ్డీ రాదు. యాసంగి నెలల్లో ఈ షాపు ఖాతాలో లక్షకు పైగా సొమ్ము నిలిచింది. బ్యాంకు దాన్ని పైసా వడ్డీ లేకుండా వాడుకుంది. వానలు పడి, మోటార్లు ఆగి, పని తగ్గిన మూడు నెలలకు మాత్రం జరిమానా వేసింది. మూడు నెలల సగటు అన్న కొలతలోనే ఈ అన్యాయం ఉంది. మిర్చి కమీషన్ కొట్టు, పెళ్లిళ్ల టెంట్ హౌస్, పుస్తకాల షాపు, ఏసీ మెకానిక్ అందరి వ్యాపారమూ సీజన్‌తో నడిచేదే. ఏడాది సగటు తీస్తే వీరిలో చాలామంది తప్పు చేసినవారు కారు.

పొదుపు ఖాతాదారుకు ఈ విషయంలో కొంత రక్షణ ఉంది. సేవింగ్స్ ఖాతాలో కనీస నిల్వ తగ్గితే ముందుగా తెలియజేసి నెల గడువివ్వాలని, జరిమానా తగ్గిన మొత్తానికి తగ్గట్టే ఉండాలని, కేవలం ఆ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదని ఆర్బీఐ 2014 నవంబరులో ఆదేశించింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు పొదుపు ఖాతాల్లో ఈ జరిమానానే ఎత్తేశాయి. అదే ఏడాది ఆగస్టులో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు నగరాల్లో కొత్త పొదుపు ఖాతాలకు కనీస నిల్వను 50 వేలు చేస్తే జనం మండిపడ్డారు, కొద్దిరోజుల్లోనే అది 15 వేలకు దిగింది. ఇదంతా పొదుపు ఖాతాల ముచ్చట. కరెంట్ ఖాతా దగ్గరికొస్తే అంతా ఆయా బ్యాంకు బోర్డు ఇష్టం. పెద్ద కంపెనీ మేనేజరుతో కూర్చొని చార్జీలు మాఫీ చేయించుకుంటుంది. వైండింగ్ షాపు యజమానికి సామాన్యుడికిచ్చిన రక్షణా లేదు, కంపెనీకున్న పలుకుబడీ లేదు.

బ్యాంకు చార్జీలను అందరికీ ఒకేలా నిర్ణయించే పద్ధతిని 1999లో వదిలేసి, ఆ పని బ్యాంకుల బోర్డులకు అప్పగించారు. అయితే ఆర్బీఐ రెండు షరతులు పెట్టింది. చార్జీలు సహేతుకంగా ఉండాలి, ఆ సేవకయ్యే సగటు ఖర్చుకు పొంతన లేకుండా ఉండకూడదు. లావాదేవీలు తక్కువగా ఉన్న ఖాతాదారులు శిక్షకు గురికాకూడదు. ఆ స్టేట్‌మెంట్ చూసినవారెవరూ ఈ రెండో షరతు అమలవుతోందని అనలేరు. కిస్తీ వెనక్కి పంపడం కంప్యూటర్ చేసే పని. దానికి 250 రూపాయల ఖర్చు ఎలా అయిందో బ్యాంకు ఎప్పుడూ చెప్పదు.

బ్యాంకుల వాదనలో పస లేకపోలేదు. నోట్లు లెక్కపెట్టడానికి, భద్రపరచడానికి, తరలించడానికి మనుషులు కావాలి, వాహనాలు కావాలి. చెక్కు బౌన్సయితే క్రమశిక్షణ కోసం కొంత రుసుము ఉండటమూ సబబే. చేసిన పనికి కూలి తీసుకోవడాన్ని ఎవరూ కాదనరు. ఏ పనీ చేయకుండా, ఖాతాలో డబ్బు లేదన్న ఒక్క కారణంతో తీసుకునేదాన్ని కూలి అనలేం. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కూడా ఒప్పందం తప్పినవారి నుంచి సహేతుకమైన పరిహారమే రాబట్టమంటుంది. ఒప్పందంలో రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. బ్యాంకుకు జరిగిన నష్టం ఏమిటన్న ప్రశ్న ప్రతి జరిమానా దగ్గరా అడగదగ్గదే.

మొత్తాలు చిన్నవని కొట్టిపారేయడానికి లేదు. 2018 నుంచి ప్రభుత్వరంగ బ్యాంకులు, ఐదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి కనీస నిల్వ, అదనపు ఏటీఎం వాడకం, ఎస్సెమ్మెస్ చార్జీల కింద 35 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేశాయని 2023 ఆగస్టులో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అందులో కనీస నిల్వ జరిమానాలే 21 వేల కోట్ల పైచిలుకు. ఇంత పెద్ద రాశి ఇలాంటి 708లు, 17.70లు పోగుపడి ఏర్పడిందే.

ఉన్న నిబంధనలతోనే తిరిగి రాబట్టగలిగినవి కొన్ని ఉన్నాయి. రెండేళ్లకు పైగా ఖాతాదారు లావాదేవీ లేక ‘ఇనాపరేటివ్’ అయిన ఏ ఖాతాలోనూ కనీస నిల్వ జరిమానా వేయకూడదు, తిరిగి తెరిపించడానికి రుసుమూ తీసుకోకూడదు. కరోనాలో షాపు మూసేసి ఖాతాను అలాగే వదిలేసినవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఎస్సెమ్మెస్ చార్జీ వాస్తవంగా పంపిన సందేశాలను బట్టే ఉండాలని 2013లోనే ఆదేశాలొచ్చాయి. రుణాల విషయంలో 2023 ఆగస్టు 18 నాటి ఆర్బీఐ ఉత్తర్వు కీలకమైనది. దాని ప్రకారం కిస్తీ ఆలస్యమైతే వేసేది జరిమానా చార్జీగానే ఉండాలి, వడ్డీ రేటులో కలపకూడదు, ఆ చార్జీపై మళ్లీ వడ్డీ లెక్కకట్టకూడదు. క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉన్నవారు స్టాక్ స్టేట్‌మెంట్ ఆలస్యమైనప్పుడు పడిన కోతను ఈ కోణంలో చూడాలి. సౌండ్ బాక్సును తిరిగిచ్చేశాక కూడా అద్దె పోతుంటే అదీ అడగాలి. వెనక్కి వచ్చే ప్రతి చార్జీతో పాటు దానిమీద కట్టిన జీఎస్టీ కూడా రావాలి.

అడిగే పద్ధతిలోనే సగం ఫలితం ఉంటుంది. ‘చార్జీలు ఎక్కువగా ఉన్నాయి, దయచేసి తగ్గించండి’ అని రాస్తే ఆ అర్జీ అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు వాణిజ్య నిర్ణయాల మీద వచ్చిన ఫిర్యాదులను ఆర్బీఐ అంబుడ్స్‌మన్ పథకం స్వీకరించదు, రేటు ఎంతన్నది ఆ గాటన కట్టేస్తారు. అందుకే మా అన్న కొడుకు చేత రాయించిన లేఖలో మూడే ప్రశ్నలు పెట్టాం. ఈ కోత ఏ తేదీ నాటి చార్జీల పట్టిక ప్రకారం? ఆ పట్టిక మారినట్టు నాకు ఎప్పుడు, ఎలా తెలియజేశారు? సగటును ఏయే రోజుల నిల్వలతో లెక్కకట్టారు? కింద తేదీలతో సహా కోతల జాబితా. బ్రాంచిలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, సంతకం తీసుకున్నాడు.

ఇరవై రెండో రోజున ఖాతాలో 1,298 రూపాయలు జమయ్యాయి. అక్టోబరు 708, రెండు 295లు. కనీస నిల్వను అయిదు వేల నుంచి పది వేలకు పెంచిన సంగతి తెలియజేసినట్టు బ్యాంకు చూపలేకపోయింది. జవాబులో మాత్రం ‘ఖాతాదారు సంతృప్తి కోసం ప్రత్యేకంగా’ అని ఉంది. తప్పు జరిగిందని ఎక్కడా లేదు. జనవరి 708 రాలేదు, అప్పు సంస్థ బౌన్స్ చార్జీ రాలేదు. వాటికోసం తదుపరి మెట్టు ఎక్కుతున్నాడు.

ఆ మెట్టు ఆర్బీఐ అంబుడ్స్‌మన్. సమీకృత పథకం ప్రకారం, బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా నిర్ణీత గడువులోపు ఆర్బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, వ్యాపారి అన్న తేడా లేదు.

వినియోగదారుల కమిషన్‌లో మాత్రం ఆ తేడా ఉంది. వ్యాపార ప్రయోజనం కోసం సేవ పొందినవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. ఒక స్టాక్ బ్రోకర్ ఓవర్‌డ్రాఫ్ట్ వివాదంలో సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో ఇదే చెప్పింది. పొట్టకూటి కోసం స్వయం ఉపాధి చేసుకునేవారికి పాత చట్టం వస్తువులతో పాటు సేవల విషయంలోనూ మినహాయింపునిచ్చింది. 2019 చట్టంలోని వివరణలో వస్తువులు మిగిలాయి, సేవలన్న మాట జారిపోయింది. చిరు వ్యాపారికి ఆ ఒక్క మాట ఎంత అవసరమో పార్లమెంటు గుర్తించి తిరిగి చేర్చాలి.

ఇక అసలు విషయానికొస్తే, లేఖ రాసినవాడికి 1,298 రూపాయలు వచ్చాయి. అదే బ్రాంచిలో, అదే నోటీసు అందక, అదే కోత పడిన మిగతా షాపులవారికి ఏమీ రాలేదు. ఒకరి విషయంలో కోతకు ఆధారం లేదని తేలితే అందరి విషయంలోనూ తేలినట్టే కదా. కంప్యూటర్ ఒక్క ఆదేశంతో వేలమంది ఖాతాల్లోంచి తీయగలిగినప్పుడు ఒక్క ఆదేశంతో తిరిగి వేయడం కష్టం కాదు.

అలా చేయవచ్చని ఈ దేశంలోనే రుజువైంది. యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై చార్జీలు ఉండకూడదని 2020 జనవరి 1 నుంచి నిబంధన వచ్చాక కూడా కొన్ని బ్యాంకులు నిర్ణీత సంఖ్య దాటిన యూపీఐ లావాదేవీలకు వసూలు చేశాయి. అదే ఏడాది ఆగస్టు 30న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. జనవరి 1 నుంచి వసూలు చేసినదంతా వెంటనే తిరిగి ఇవ్వాలని, ఇకపై వేయకూడదని చెప్పింది. దానికోసం ఖాతాదారులు ఒక్కొక్కరూ అర్జీ పెట్టుకోవాలని ఆ సర్క్యులర్ అనలేదు. తిరిగివ్వాల్సిన బాధ్యతను తీసుకున్నవారి మీదే పెట్టింది.

కరెంట్ ఖాతాలకూ ఆర్బీఐ ఇదే సూత్రాన్ని వర్తింపజేయాలి. ఉద్యం నమోదు ఉన్న సూక్ష్మ వ్యాపారుల ఖాతాలకు పొదుపు ఖాతాల రక్షణలన్నీ ఇవ్వాలి. కనీస నిల్వను ఏడాది సగటుతో కొలవాలి. ఒక కోత వల్ల కిస్తీ బౌన్సయితే దానిమీద రెండో కోత ఉండకూడదు. ఒక చార్జీ చెల్లదని తేలితే ఆ కారణంతోనే నష్టపోయిన ఖాతాలన్నింటికీ బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి, ఎంత జమ చేసిందో ఏటా ప్రకటించాలి.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఒకరికొకరం నేర్పుకోవడమే. ఆ మూడు ప్రశ్నల లేఖను మా అన్న కొడుకు పక్క సందులోని హార్డ్‌వేర్ షాపాయనకిచ్చాడు, ఆయన తన తేదీలు రాసుకుంటున్నాడు. నిన్న ఫోనులో, ‘‘కాకా, ఇంకో నలుగురు అడుగుతున్నరు, ఆదివారం వస్తవా?’’ అన్నాడు. స్కెచ్ పెన్నులు రెండు కొనిపెట్టమని చెప్పాను.